మీటలో మిగిలిన ఊపిరి

మూకుడు పగల్లేదు.

ఉరుముల ధార పక్కన రాతి చప్టా మీద బోర్లా పడుకున్న చెంగలువ, పొగ విడిపోయేదాకా కళ్ళు చికిలించి చూసింది. లోయకు ఆవలి గట్టున ఎండిపోయిన మోడుకు అత్తగారు వేలాడదీసిన మట్టి మూకుడు నిక్షేపంగా ఊగుతోంది. గుండు మళ్ళీ కుడిపక్కకు, కిందికి పోయింది. వెనకున్న బండ మీద తెల్లటి దెబ్బలు కనిపిస్తున్నాయి. నిన్నా అక్కడే, మొన్నా అక్కడే.

"తగిలిందా?" వెనకనుంచి మామగారు నాగోజు కేకపెట్టాడు. జలపాతం హోరులో అరిస్తే గాని వినబడదు. తుపాకి చప్పుడు ఊళ్ళోకి పొక్కకూడదనే వాళ్ళు ఈ చోటు వెతుక్కున్నారు.

"లేదు మావయ్యా!"

"ఎంత పక్కకి?"

"నాలుగు వేళ్ళు."

మట్టి మూకుడుకు నాలుగు వేళ్ళ పక్కన గాలి తప్ప ఏమీ లేదు. ఈ గుండు నిజంగా కొట్టవలసింది ఒక నల్ల గవ్వను. ఆ గవ్వకు నాలుగు వేళ్ళ పక్కన నాగోజు కొడుకు కన్ను ఉంటుంది.

తామ్రగిరి రాజ్యంలో ఒకప్పుడు సుత్తి చప్పుడుకే పొద్దు పొడిచేది. కొండల కడుపుల్లో రాగి, వాగుల ఇసుకలో ఇనుము, ప్రతి వాకిట్లో ఎర్రగా వెలిగే కొలిమి. కోట గుమ్మాలకు రాగిరేకుల తామరలు పూసేవి. రథాలు కదిలితే చక్రాల కమ్ములు పాడేవి. పొలం దున్నే నాగలికర్రు కూడా రాజుగారి అద్దంలా తళతళలాడేది. అలాంటి దేశానికి ఉత్తరపు అడవుల్లోంచి భస్మాంగదుడు వచ్చాడు. ఒళ్ళంతా బూడిద, మెళ్ళో కాలిన ఎముకల దండ, రెప్ప వాల్చని చూపు. అతను ఎటు నడిస్తే అటు, అతని చుట్టూ బాణం వెళ్ళి పడేంత మేర గడ్డి బూడిద రంగుకు తిరిగిపోతుంది. ఆయుధం పట్టుకుని ఆ వలయంలో అడుగు పెట్టినవాడు దున్నపోతైపోతాడు. వాడి నుదుట కొబ్బరిచిప్పంత నల్ల గవ్వ మొలుస్తుంది. బయటినుంచి బాణం వేస్తే, అతణ్ణి చేరేలోగానే ఓపిక అయిపోయి నేలరాలుతుంది. గవ్వ పగిలితే మనిషి తిరిగి వస్తాడని మాత్రం చనిపోయేముందు రాజగురువు చెప్పిపోయాడు.

యువరాజు జయకేతుడు నిరుడు కత్తి దూసి ఆ వలయంలోకి గుర్రం దూకించాడు. గుర్రం ఒక్కటే తిరిగి వచ్చింది. దర్భలతో బొమ్మ చేసి అతనికి కర్మ చేశారు. ఆ తరవాత అడ్డు చెప్పేవాడు లేకపోయాడు. భస్మాంగదుడు సుత్తి దెబ్బలు కాచే ఇనుప దాగళ్ళన్నీ మోయించి మసిమడుగులో పారేయించాడు. ముసలి కమ్మరుల బొటనవేళ్ళు నరికించాడు. పడుచువాళ్ళని సుత్తులతో సహా తన వలయంలోకి తోలించాడు. సుత్తి ఆయుధమా కాదా అని ఎవరూ వాదించే వీలు లేదు. నాగోజు కొడుకు, చెంగలువ మొగుడు వీరోజు అలా వెళ్ళినవాడే. చిన్నతనంలో దాగలి మీద పడి వీరోజు ఎడమకాలు అవిటిదైంది. ఇప్పుడు భస్మాంగదుడు ఎక్కి తిరిగే దున్నపోతు ఎడమకాలు ఈడుస్తుందని ఉప్పు అమ్మేవాళ్ళు చెప్పిన రోజు, ఆ ఇంట్లో ఏడుపు ఆగింది. పని మొదలైంది.

నాగోజు కుర్రతనంలో ఓడ బేరగాళ్ళ దగ్గర తుపాకి చూశాడు. అది గుర్తుంచుకుని, వంటింటి పొయ్యి మీద, నాగటి కమ్ములు కాల్చి చుట్టి గొట్టం చేయించాడు. గుండు గిర్రున తిరుగుతూ తిన్నగా పోయేలా గొట్టం లోపల మెలికల గాడి తీయించాడు. పాత పనస పీటను భుజానికి ఆనించే కట్టెగా చెక్కించాడు. బుద్ధి అతనిది, చేతులు కోడలివి. తయారైన తుపాకి బాణానికి రెండింతల దూరం కొడుతోంది. కొట్టవలసిన చోట మాత్రం కొట్టడం లేదు.

ఇంటికి వచ్చాక నాగోజు తుపాకిని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని, నడిమివేలితో మీట నొక్కి చూశాడు. చెకుముకి రాయి పట్టుకున్న ఇనుప ముక్కు ఠప్పున వాలి నాలుగు నిప్పురవ్వలు రాలాయి.

"గొట్టం తప్పు కాదమ్మాయ్. గాడి తప్పూ కాదు."

"మీట తప్పు," అంది చెంగలువ. "నొక్కుతూంటే నిండుచేద తోడుతున్నట్టుంది మావయ్యా. గీసుకుంటా గీసుకుంటా వచ్చి, చివర్న తాడు తెగినట్టు ఒక్కసారి పడుతుంది. ఆ కుదుపుకి గొట్టం పక్కకి పోతోంది. ఎంత బిగబట్టినా పోతోంది."

"తెలుసు. అలా ఉండాలనే చేయించాను."

పొయ్యి దగ్గర కూచుని బియ్యం ఏరుతున్న అత్తగారు పోలమాంబ చేట దించింది. "ఏమిటీ? కావాలని చేయించావా?"

"మన ఇంటి ఆచారం అది. కత్తి చేస్తే ఒర బిగువుగా చేస్తాం. ఎందుకు? కోపం వచ్చినవాడు కత్తి లాగేలోగా మూడు ఊపిర్లు పీల్చాలి. అందులో ఒకదానికైనా వాడికి బుద్ధి తిరగొచ్చు. మా నాయన చేసిన కత్తులన్నీ అంతే. ఈ మీటలోనూ మూడు ఊపిర్లు పెట్టాను."

"నాకు కోపం లేదు మావయ్యా," అంది చెంగలువ మెల్లగా. "నాకు మీ అబ్బాయి కావాలి."

"విను! బాగా విను!" పోలమాంబ మొగుడి వైపు తిరిగింది. "నీ ఆచారం నువ్వే మూటగట్టుకుని కూచో. నువ్వు పెట్టిన మూడు ఊపిర్లకి నా బిడ్డ ప్రాణం పోతే, ఆ తుపాకి తీసుకెళ్ళి నీ నాయనకి పిండం పెట్టు."

నాగోజు తన చేతుల వంక చూసుకున్నాడు. బొటనవేళ్ళు లేని చోట చర్మం ముడతలు పడి, కుట్టిన సంచి మూతుల్లా ఉంది.

"రెండు తియ్యి," అన్నాడు చివరికి. "ఒకటి ఉండాలి. ఒక్కటైనా ఉండాలి."

చెంగలువ పనస కట్టెలోంచి ఇనుప పలకను ఊడదీసి చాప మీద పెట్టింది. లోపల రెండు ముక్కలు ఒకదాన్నొకటి కొరికి పట్టుకుని ఉన్నాయి. మీట నొక్కితే ఒకటి జారాలి, ముక్కు వాలాలి. వెలుగుకు పట్టి చూస్తే ఆకురాయి పెట్టిన గాట్లు కొడవలి పళ్ళలా కనిపించాయి.

"ఆ రెండూ కలుసుకునే చోటే నున్న చెయ్యి. మూల మాత్రం అరగనీకు. మూల గుండ్రపడిందా, ముట్టుకోకుండానే పడిపోతుంది, ఎవరి మీదో ఏమో. ముక్కును తోసే కమాను జోలికి అసలే పోవద్దు. అది మెత్తబడితే రాయి నిప్పు రాల్చదు."

ఆమె వాగులో దొరికిన నున్నటి రాయి మీద ఆముదం చుక్క వేసి రుద్దడం మొదలుపెట్టింది. తరవాత ఊక బూడిదను పాత చీర చెంగులో జల్లించి, ఆ మెత్తటి పొడితో రుద్దింది. గిన్నెలు తోమిన చేతికి ఆ పని కొత్త కాదు. ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో చెయ్యే చెప్పింది. నాగోజు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని చప్పుడు వింటున్నాడు. గరగర పోయి సరసర వచ్చింది. సరసర పోయి, వేలితో పాలమీగడ తీసినంత మెత్తన వచ్చింది.

"చాలు," అన్నాడు కళ్ళు మూసుకునే.

చెంగలువ ఆపింది. ముక్కలు బిగించింది. మీట నొక్కి చూసింది. హాయిగా ఉంది. అయినా చివర్న ఒక చిన్న బరువు. వీరోజు కన్ను గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే మామగారు వాగుకు వెళ్ళగానే పలక మళ్ళీ ఊడదీసి, ఇంకాస్త రుద్దింది. ఇంకాస్త. ఈసారి బిగించి వేలు ఆనిస్తే చాలు, ముక్కు వాలిపోయింది. ఈగ వాలినా పడేలా ఉంది.

వచ్చాక నాగోజు అడిగాడు. "ఒకటి ఉంచావుగా?"

"ఉంచాను మావయ్యా."

అతను నడిమివేలు మీట దాకా తెచ్చి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. కోడలి ముఖంలోకి చూడలేదు.

ఆ రోజు ఉరుముల ధార దగ్గర మూకుడు నడిమికి పగిలి రెండు ముక్కలై లోయలోకి రాలింది. పోలమాంబ చెయ్యెత్తి దణ్ణం పెట్టి, వెంటనే నిట్టూర్చింది. "ఇంట్లో ఉన్నది అదొక్కటే మూకుడు. ఇక అట్ల మీద ఏం మూత వేస్తానో."

ఎన్నాళ్ళ తరవాతో ముగ్గురూ నవ్వారు. ఎవరి నవ్వు చూసి వాళ్ళే బెదిరినట్టు, చప్పున ఆపేశారు.

భస్మాంగదుడు మిట్టమధ్యాహ్నం మసిమడుగుకు వస్తాడు. దానికి ఎదురుగా గద్దమెట్ట ఉంది. మెట్ట మీదికి చేరాలంటే కావలి ద్వారం ముళ్ళగవని దాటాలి. గవని దగ్గర భటులతో పాటు ఒక ఇనుపకాకి ఉంది. ఇనుము వాసన తగిలితే చాలు, గొంతు చించుకుంటుంది.

ఉపాయం పోలమాంబదే. "పెళ్ళిరోకలి," అంది. "పసుపు దంచే రోకలిని పెళ్ళివారింటికి మోసుకెళ్తుంటే ఎవడు ఆపుతాడు? దాని కొసకు తొడిగిన పొన్ను ఉంటుంది, ఆ పొన్ను ఇనుమే. కాకి అరిస్తే అరవనీ."

నాగోజు తుపాకి మూతికి ఇనుప పొన్ను తొడిగించాడు. పోలమాంబ తన పెళ్ళినాటి పసుపుబట్ట తీసి, తుపాకి ఆసాంతం గట్టిగా చుట్టింది. మామిడాకులు, కంకణం కట్టింది. దారిలో పనికొస్తుందని కోడలి నడుమున చీర మడతలో చిన్న కొడవలి దోపింది. తుపాకిమందు పసుపు బరిణెలోకి, గుండ్లు రెండు కుంకుమ బరిణెలోకి వెళ్ళాయి. "రెండే పోయించాను," అన్నాడు నాగోజు. "ఒకటి తప్పితే ఇంకోటి. రెండోది తప్పితే..." చెంగలువ తలకు ఆముదం దట్టంగా రాసి జడ వేసి, పెళ్ళివారి ఆడపడుచులా పోలమాంబ ముస్తాబు చేసింది. ఇంత ఆలోచించినవాళ్ళు ఒక్క సంగతి మరిచిపోయారు. అది గవని దగ్గర తెలిసింది.

ముళ్ళగవని అంటే నిజంగానే ముళ్ళు. నల్లతుమ్మ దుంగలు పేర్చి, వాటి మీద బ్రహ్మజెముడు పాకించి, మధ్యలో ఎముకల తోరణం కట్టారు. తోరణం మీద ఇనుపకాకి కూచుని ఉంది. తుప్పు రంగు ఈకలు, తెల్లటి కళ్ళు. చెంగలువ ఇంకా అల్లంత దూరాన ఉండగానే అది రెక్కలు టపటపలాడించి అరిచింది.

"ఆగు! ఏంటది?" గుండప్ప అనే బొజ్జ భటుడు ఈటె అడ్డంపెట్టాడు.

"పెళ్ళిరోకలి బాబూ. మా అన్న కూతురి పెళ్ళి, మెట్టవతల ఊరికి."

"కాకి ఎందుకు అరుస్తోంది?"

"రోకలికి పొన్ను ఉండదా బాబూ? పొన్ను లేకుండా మీ ఇంట్లో దంచుతారేమో నాకు తెలీదు."

రెండో భటుడు ఫక్కున నవ్వాడు. గుండప్పకు మండింది. "బట్ట విప్పు. చూడాలి."

చెంగలువ రోకలిని రెండు చేతులా హత్తుకుంది. అంతలో గవని పక్క గుడిసెల్లోంచి ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "పెళ్ళిరోకలా? పెళ్ళా? ఎక్కడ? ఎవరిది?" అంటూ వచ్చి, గుండప్ప మోచేతి మీద కర్రతో ఒక్కటిచ్చింది. "పెళ్ళిరోకలి బట్ట విప్పమంటావురా, అప్రాచ్యుడా! నిన్ను కన్నదానికి పెళ్ళి కాలేదా?"

"అవ్వా, పైనుంచి ఆజ్ఞ..."

"నీ ఆజ్ఞ పొయ్యిలో పెట్టు. ఓ లచ్చీ! ఓ పార్వతీ! రండే, పెళ్ళిరోకలి వచ్చింది!"

గుడిసెల తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు వచ్చారు. ఒకరి తరవాత ఒకరు, చేతుల్లో పసుపు గిన్నెలతో, కుంకుమతో, గుప్పెట్లలో అక్షింతలతో. అప్పుడు గుర్తొచ్చింది చెంగలువకు. పెళ్ళిరోకలి దారిన పోతుంటే ముత్తైదువలు ఎదురొచ్చి పసుపు రాయకుండా పోనివ్వరు. మగాళ్ళంతా దున్నపోతులైపోయిన ఈ చోట ఏడాదిగా పెళ్ళి అన్న మాటే లేదు. ఏ చెరువు గట్టునా బాజా మోగలేదు. అందుకే ఇంతమంది. అందుకే ఆ కళ్ళల్లో అంత ఆశ.

"పైపైన రాయండమ్మా, చాలు," అంది చెంగలువ.

ఎవరూ వినలేదు. తడిపసుపు ముద్దలు ముద్దలుగా పడుతోంది. బట్ట నానిపోయింది. సరిగ్గా మీట ఉన్న చోట, చెయ్యి పట్టుకోవడానికి వీలుగా సన్నగా ఉందని, అందరూ అక్కడే రాస్తున్నారు. నీళ్ళు లోపలికి దిగడం చెంగలువకు తన ఎముకల్లోకి దిగినట్టే తెలుస్తోంది.

చివర్న పాలిపోయిన ముఖంతో ఒక పడుచు వచ్చి నిలబడింది. గిన్నె పట్టుకుంది కాని చెయ్యి చాపలేదు.

"మా ఆయన్ని తోలుకుపోయారక్కా. ఆ మందలో ఉన్నాడో, చచ్చిపోయాడో తెలీదు. నేను ముత్తైదువనో కాదో నాకే తెలీదు. రాయొచ్చా?"

భటులు కూడా తలలు వంచుకున్నారు. ఇంకొక్క చెయ్యి పడితే మీట పని అయిపోయినట్టే. కాని ఆ ప్రశ్న చెంగలువ తనకు తాను రోజూ వేసుకుంటున్నదే.

"రాయి చెల్లీ," అంది. "నిండుగా రాయి."

ఆ పిల్ల రెండు చేతులా పసుపు ముంచి మీట మీద అద్దింది. అక్షింతలు వేసి ముఖం కప్పుకుని ఏడ్చింది.

గవని దాటాక కూడా ఇనుపకాకికి అనుమానం తీరలేదు. పొన్నుకు ఇంత వాసన ఉండదనుకుందేమో, తోరణం మీదినుంచి లేచి వెంటపడింది. చెంగలువ చెట్ల చాటున పరుగెత్తింది. కాకి అరుపులు దగ్గరవుతున్నాయి. వెనక భటుల కేకలు కూడా మొదలయ్యాయి. ఎదురుగా పాతాళంలాంటి అగాధం, దాని మీద తీగల వంతెన. కింద ఎక్కడో నల్లటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఆమె తుపాకిని భుజాన అడ్డంగా వేసుకుని వంతెన మీద ఉరికింది. సగం దాటేసరికి కాలికింద పలక ఫెళ్ళున విరిగింది. పడిపోయింది. భుజాన ఉన్న తుపాకి రెండు తీగలకు అడ్డంపడి ఆపింది. దాన్ని పట్టుకుని వేలాడుతోంది. కాకి వచ్చి వేళ్ళ మీద పొడిచింది. చెంగలువ పళ్ళు బిగించి, ఒక చేత్తో వేలాడుతూ, రెండో చేత్తో కాకి మెడ దొరకబుచ్చుకుని తీగల సందులో నులిమేసింది. ముక్కలు ముక్కలుగా తుప్పు రాలింది. ఎలాగో పైకి పాకి, అవతలి గట్టు చేరి, నడుముకున్న కొడవలితో తీగలు కోసేసింది. వంతెన జారి చీకట్లోకి పడిపోయింది. భటులు ఆ గట్టునే నిలబడిపోయారు. తిరిగి వెళ్ళే దారి కూడా దానితో పోయింది. ఆ సంగతి ఆలోచించడానికి ఆమెకు వ్యవధి లేదు.

గద్దమెట్ట ఎక్కేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. రాళ్ళ చాటున కూచుని బట్ట విప్పి, మూతికున్న పొన్ను ఊడలాగింది. పనస కట్టె విరగలేదు, గొట్టం వంగలేదు. వేలితో ముక్కు వెనక్కి లాగింది. మీట నొక్కింది.

కదల్లేదు.

గట్టిగా నొక్కింది. గోడను నొక్కినట్టుంది. పలక ఊడదీసి చూస్తే లోపలంతా పసుపు. ఆరిపోయి, సున్నం కొట్టినట్టు గట్టిపడింది. రెండు ముక్కలూ కొరుక్కునే కొక్కెం సందులో ఒక అక్షింత గింజ అడ్డంగా దిగబడి ఉంది. ఆమె ముక్కుపుడక తీసి దాని శీలతో గింజను పెకలించింది. పసుపు గీకింది, ఊదింది, ఉమ్మితో తడిపి చెంగుతో తుడిచింది. తుడిచిన చోట ఆముదం కావాలి. చుట్టూ రాళ్ళు తప్ప ఏమీ లేవు. జడ ముందుకు లాక్కుంది. అత్తగారు పొద్దున్న దట్టించిన నూనె. జడకొసను వేళ్ళతో పిండి, ఒక్కొక్క చుక్కా కొక్కెం మీదికి జార్చింది.

బిగించి మళ్ళీ చూసింది. ఈసారి కదిలింది. సగం దాకా మెత్తగా వచ్చి, అక్కడ ఇసుక నమిలినట్టు చిన్న గరుకు తగిలింది. దాన్ని దాటితే ముక్కు వాలిపోతోంది. ఎక్కడో అందని చోట పసుపు మిగిలిపోయింది. ఇంకోసారి విప్పుదామనుకుంది.

అంతలో కింద గడ్డి రంగు మారడం మొదలైంది.

మసిమడుగు ఒడ్డున బూడిద పరుచుకుంటోంది. దాని నడిమధ్య, మబ్బు నీడలా కదులుతూ, భస్మాంగదుడు. నల్ల దున్నపోతు మీద కాళ్ళు మడిచి కూచున్నాడు. వెనక మంద. తిత్తులు మోసేవి, కట్టెలు మోసేవి, ఊరికే తలలు వేలాడేసుకుని నడిచేవి. ప్రతి నుదుటా ఒక నల్ల గవ్వ. ముందున్న దున్నపోతు ఎడమకాలు ఈడుస్తోంది.

చెంగలువ మందు పోసింది. గుండు దింపింది. బోర్లా పడుకుని కట్టెను చెంపకు ఆనించింది. మడుగు గట్టున దున్నపోతు ఆగింది. గవ్వ ఎండకు మెరిసింది. ఆమె వేలు మీట మీదికి వెళ్ళింది. మెత్తగా, మెత్తగా వచ్చి గరుకు దగ్గర ఆగింది.

సరిగ్గా అప్పుడే దున్నపోతు ఈగలకు విసుక్కుని తల విదిలించింది. గవ్వ ఉన్న చోటికి కన్ను వచ్చింది.

చెంగలువ వేలు గరుకు మీదే ఉంది. నిన్నటిలా ఈగ బరువుకే పడే మీట అయితే ఈపాటికి గుండు వెళ్ళిపోయేది. ఆమె కదలకుండా ఒక ఊపిరి పీల్చింది. దున్నపోతు తల నిదానించింది. గవ్వ తిరిగి ఎదురుగా వచ్చింది. అప్పుడు గరుకు దాటింది.

చప్పుడు కొండల్ని చుట్టి వచ్చింది. పొగలోంచి చూసింది. గవ్వ నల్లటి పెంకులై ఎగిరింది. దున్నపోతు కూలింది, మీదున్నవాడు బురదలో పడ్డాడు. కొమ్ములు కరిగాయి, గిట్టలు చేతులయ్యాయి. మోకాళ్ళ మీద ఒక మనిషి లేచాడు. ఎడమ తొడ మీద కత్తిగాటు పుండులా ఉంది. భుజం మీద జంట చేపల పచ్చబొట్టు.

తామ్రగిరిలో ఆ పచ్చబొట్టు ఒక్క వంశానికే వేస్తారు. ఆ మనిషి ఒకసారి వాళ్ళ కొలిమికి వచ్చి కత్తికి పిడి వేయించుకున్నాడు. దేశమంతా తిలోదకాలు వదిలిన యువరాజు జయకేతుడు, బురదలో, బట్టలేకుండా, ఎండను చూసి కళ్ళు మూసుకుంటున్నాడు.

వీరోజు కాదు.

చెంగలువకు ఏడుపు కూడా రాలేదు. తుపాకి చప్పుడుకు మంద బెదిరి నలుదిక్కులకు చెదిరిపోతోంది. దున్నపోతులు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, కట్టెలు పారేస్తూ, మడుగులో పడుతూ పరుగెడుతున్నాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. మోకాలి లోతు నీళ్ళలో, వీపున తిత్తులతో, ఎడమకాలి మీద బరువు మోపకుండా, చెవి కూడా ఆడించకుండా నిలబడి ఉంది. పిడుగులాంటి చప్పుడు దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. కొలిమి పక్కన పుట్టినవాడు. దాగలి మీద సుత్తి పడుతుంటే ఉయ్యాల్లో నిద్రపోయినవాడు.

భస్మాంగదుడు లేచాడు. మెట్ట మీది పొగను చూశాడు. పరుగెత్తలేదు, నడిచి వస్తున్నాడు. అతనితో పాటు బూడిద రంగు గుట్ట ఎక్కుతోంది. పొదలు ఒకటొకటిగా తెల్లబడుతున్నాయి. జయకేతుడి చేతిలో ఆయుధం లేదు. వట్టి చేతులవాణ్ణి వలయం ఏమీ చేయలేదు. అతను దొర్లుకుంటూ వచ్చి మాంత్రికుడి కాళ్ళు కౌగిలించుకున్నాడు.

"ఎవరున్నారక్కడ? పారిపో!" అతని గొంతు మాట్లాడి ఏడాదైనట్టు బొంగురుగా ఉంది. "ఆయుధం పారేసి పారిపో!"

భస్మాంగదుడు తన్నాడు. జయకేతుడు వదల్లేదు. భస్మాంగదుడు ఒక్కో అడుగుకూ అతణ్ణి ఈడ్చుకుంటూ వస్తున్నాడు.

చెంగలువ కుంకుమ బరిణె తెరిచింది. రెండో గుండు వేలికి ఎర్రగా అంటింది. మందు పోసింది, దింపింది, ముక్కు వెనక్కి లాగింది. ఆయుధం పారేస్తే ప్రాణం దక్కుతుంది. పట్టుకునే ఉంటే, ఆ బూడిద తన పాదాలను తాకిన మరుక్షణం తన నుదుట కూడా గవ్వ మొలుస్తుంది. ఇంటి దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు. బొటనవేళ్ళు లేని మామగారి చేతులు ఇంకెవరికోసమూ తుపాకి చేయలేవు.

బోర్లా పడుకుంది. చెంప ఆనించింది. ముక్కు ముందు గడ్డిపరక చివర తెల్లబడుతోంది. కింద నీళ్ళలో ఆ దున్నపోతు నెమ్మదిగా తల ఎత్తి, మెట్ట వైపు చూసి, కదలకుండా నిలబడింది. పనిలో ఉండగా తను మజ్జిగ చెంబు తెస్తే, సుత్తి దించి వీరోజు అలాగే చూసేవాడు. చెంగలువ గొట్టాన్ని ఆ నుదుటి గవ్వకు గురిపెట్టింది.

వేలు మీట మీదికి వెళ్ళింది. మెత్తగా వచ్చి, గరుకు దగ్గర ఆగింది. మామగారు ఉంచమన్న ఊపిరి అక్కడే ఉంది.

చెంగలువ దాన్ని నిండుగా పీల్చుకుంది.